శిఖంలో ఇల్లు

11 ఫిబ్రవరి 2024, ఆదివారం

ఇల్లు చూసి వచ్చాం. హసన్‌పర్తి దాటాక లోపలికి మట్టిరోడ్డు. రెండు గుట్టల మధ్య నుంచి పోతుంది. మలుపు తిరగగానే చెరువు. గుట్ట నీడ సగం నీళ్ల మీద పడి ఉంది, మిగతా సగం మెరుస్తోంది. ఇల్లు నీళ్లకు ఎదురుగా ఉంది. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు. పైన ఒక గది, బాల్కనీ. బాల్కనీలో నిలబడితే ఒంటి మీద గాలి తగిలింది. ఇరవై మూడేళ్లుగా హన్మకొండ సందులో ఆ పైపోర్షన్‌లో ఉంటున్నాం. అక్కడ కిటికీ తెరిస్తే పక్కింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కనిపిస్తుంది.

అమ్మేది వెంకట్రాజం సారు. రిటైర్డ్ హెడ్మాస్టర్. మా ఆయనకు చిన్నప్పుడు లెక్కలు చెప్పాడు. మోకాళ్లు పనిచేస్తలేవు బిడ్డా, లేకుంటే ఇసొంటి ఇల్లు ఎవడన్న అమ్ముకుంటడా అన్నాడు. అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆయన మీద జాలేసింది.

మా ఆయనకు గుండె ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. దుమ్ము లేని చోట ఉండమన్నాడు డాక్టర్. మాకు పిల్లలు లేరు. ఆయన స్టీల్ సామాన్ల షాపు, నా ల్యాబ్ ఉద్యోగం, అంతే. దాచుకున్నదంతా దేనికి అని ఇద్దరం బైక్ మీద మాట్లాడుకుంటూ వచ్చాం.

14 ఫిబ్రవరి

ల్యాబ్‌లో రెండు బ్లడ్ శాంపిల్స్‌కు పేర్లు తారుమారు చేశాను. సుభాషిణి మేడమ్ మనసు ఎక్కడో ఉన్నదని రిసెప్షన్ పిల్ల నవ్వింది.

7 మార్చి

రిజిస్ట్రేషన్ అయింది. ఇల్లు నా పేరు మీదే. మా ఆయనే అలా రాయించాడు. నాకేమన్న అయితే నీకో నీడ ఉండాలె అన్నాడు. అలాంటి మాటలు మాట్లాడొద్దని కసిరాను. లోపల మాత్రం సంతోషమేసింది. నా పేరు మీద ఇంతకుముందు స్కూటీ తప్ప ఏమీ లేదు.

సారు సంతకం పెట్టాక మా ఇద్దరి తలలూ నిమిరాడు. పచ్చగ ఉండుండ్రి అన్నాడు.

12 మే

ఈ డైరీ మొహం చూసి రెండు నెలలు దాటింది. సుఖంగా ఉన్నప్పుడు రాయడానికి ఏముంటుంది?

పొద్దున చెరువు మీద కొంగలు. మా ఆయన బాల్కనీలో టీ తాగుతూ వాటిని లెక్కపెడతాడు. బీపీ తగ్గింది, ఒక మాత్ర ఆపేశారు. సుబేదారిలో ల్యాబ్ నుంచి స్కూటీ మీద అరగంట ప్రయాణం. అయినా గుట్టల మధ్యకు రాగానే అలసట పోతుంది.

కట్టమ్మ అని ఒకామె చేపలు తెస్తుంది. కట్ట అవతల వాళ్ల ఇల్లు. ఆమె భర్త గట్టయ్య ఈ చెరువు తూము చూసుకుంటాడు. పొలాలకు నీళ్లు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ముప్పై ఏళ్లుగా ఆయన పనే. కట్టమ్మ గుమ్మంలోకి వస్తుంది గానీ ఎంత పిలిచినా లోపల కూర్చోదు.

26 జూన్

వానలు మొదలయ్యాయి. వెనక గదిలో గోడ రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద ఒక గీత ఉంది. నా నడుము ఎత్తులో, గది చుట్టూ, స్కేలు పెట్టి గీసినట్టు. గీతకు కింద సున్నం నల్లగా, పైన తెల్లగా ఉంది.

కట్టమ్మకు చూపించాను. ఆమె గీత మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, నీళ్ల గుర్తు బిడ్డా అది, సారు దాని మీద రంగేయించిండు అన్నది. గిది శిఖం, చెరువు నిండితె నీళ్లు పండుకునే జాగ, మీకు చెప్పలేదా అని నన్నే అడిగింది. సారుకు తెలియదేమో అన్నాను. ఎందుకు తెల్వదు, నడుములోతు నీళ్లల్లకెళ్లి సారును మా గట్టయ్యనే వీపు మీద మోసుకొచ్చిండు అన్నది.

మా ఆయనకు చెప్పాను. చేపలమ్ముకునేదాని మాట పట్టుకొని ఫికర్ చేస్తవా అన్నాడు. కానీ ఇవాళ పొద్దున కొంగలను లెక్కపెట్టలేదు.

3 జులై

గట్టయ్య రాయి చూపించాడు. చెరువు హద్దు రాయి. మా ఇంటికీ చెరువుకూ మధ్య ఉంటుందనుకున్నాను. అది మా ఇంటి వెనక, రోడ్డు అవతల ఉంది.

1 సెప్టెంబర్ 2024, ఆదివారం

ఉదయం 7. మూడు రోజులుగా వాన. గేటు వరకు నీళ్లు.

ఉదయం 9:30. నీళ్లు గేటు నుంచి లోపలికి రాలేదు. బాత్‌రూమ్ జాలీలోంచి వచ్చాయి. గడగడమని శబ్దం. నేను గోనెసంచి కుక్కాను. అది పైకి తేలింది. మా ఆయన బియ్యం డబ్బా పైకి మోస్తున్నాడు. వద్దని అరిచాను. గుండె ఆపరేషన్ మనిషి.

మధ్యాహ్నం 1. పైగదిలో ఉన్నాం. కింద ఫ్రిజ్ పడిపోయిన శబ్దం. బాల్కనీలోంచి చూస్తే చెరువుకూ మా హాలుకూ తేడా లేదు. వాన తగ్గింది. ఎండ కూడా వచ్చింది. ఎంత అందంగా ఉందో. నేను బాల్కనీ తలుపు మూసేశాను.

సాయంత్రం 4. గట్టయ్య వచ్చి తీసుకెళ్లాడు. తాడు పట్టుకుని, ఒకరి వెనక ఒకరం.

8 సెప్టెంబర్

వెంకట్రాజం సారు దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తులో ఉంటున్నాడు. తలుపు ఆయనే తీశాడు. చక్కగా నడుస్తున్నాడు.

నేనే మాట్లాడాను. దార్లో ఎన్నో అనుకున్నాను గానీ అక్కడ ఒక్క ప్రశ్నే వచ్చింది. మీకు తెలుసు కదా సార్ అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, మీరు అడుగలే కదా బిడ్డా, అడిగితే చెప్పకపోదునా అన్నాడు. గొంతు పెంచలేదు. తప్పు చేసిన పిల్లవాడికి లెక్క విడమరిచి చెప్పినట్టు చెప్పాడు.

మా ఆయన లేచేటప్పుడు అలవాటుగా ఆయన కాళ్లకు మొక్కాడు. లిఫ్ట్‌లో ఏడ్చాడు.

20 అక్టోబర్

పాత సందుకే తిరిగి వచ్చేశాం. మా పోర్షన్‌కు అప్పటికే ఎవరో వచ్చేశారు. వెనక పోర్షన్ ఇచ్చారు.

చెరువింటికి రంగులు వేయించడానికి పెయింటర్ మొగిలిని మా ఆయన పిలిచాడు. గీత చూసి మొగిలి ఆశ్చర్యపోలేదు. సారుకు గూడ నేనే ఏసిన మేడమ్, ఈసారి ప్రైమర్ రెండు కోట్లు ఏద్దాం, అస్సలు కనపడది అన్నాడు. ఏ కలర్ అని అడిగాడు.

ఎందుకు రంగు అని మా ఆయన్ని నేను అడగలేదు. నాకు తెలుసు. లేత ఆకుపచ్చ అన్నాను.

5 జనవరి 2025, ఆదివారం

వాళ్లు వచ్చారు. వినయ్, పూజ. పెళ్లయి మూడేళ్లు. అతనిది మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, ఆమె స్కూల్ టీచర్. వినయ్ వాళ్లమ్మ కమల గారిని కూడా తెచ్చారు. ఆమెకు పక్షవాతం, కుడివైపు పనిచేయదు. అంతసేపూ వీల్‌చైర్‌లోనే. వెనక గది కిటికీ దగ్గర ఆపగానే నవ్వింది. సగం ముఖమే నవ్వింది. నీ... ళ్లు అన్నది. అమ్మ చాన్నాళ్లకు నవ్వింది అని వినయ్ మా ఆయనతో అన్నాడు. ఈ రూమ్ అమ్మకే అన్నాడు.

మా ఆయన బోరు గురించి, స్కూల్ బస్సు గురించి చెప్పాడు. దూరం, నాకు షాపు తిరగడం కష్టమైతాంది, అందుకే అమ్ముతానం అన్నాడు. అబద్ధం ఆయన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పూజ వెనకే వచ్చింది. సింకు, గట్టు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, ఆంటీ, వాళ్లు మగవాళ్లు, ఏం అడుగుతరో ఏమో, నాకు మీరు చెప్పుండ్రి, వానాకాలం నీళ్లేమన్న వస్తయా అన్నది.

ఆమె మెడలో నల్లపూసలు సరిగ్గా లేవు, ముడి ముందుకు వచ్చింది. నేను దాన్నే చూస్తున్నాను.

నీళ్లు రావమ్మా అన్నాను.

6 జనవరి

సారును మేం అడగలేదు. ఆ పిల్ల నన్ను అడిగింది.

13 ఫిబ్రవరి

అమ్మకం రిజిస్ట్రేషన్. ఇల్లు నా పేరు మీద కాబట్టి సంతకాలన్నీ నావే. డబ్బు నా అకౌంట్‌లో పడింది. బయటికి వచ్చాక పూజ నా చేతులు పట్టుకుంది. ఎప్పుడన్న చెరువు చూడాలనిపిస్తే వచ్చేయండ్రి ఆంటీ, మీ ఇల్లే అన్నది.

మా ఆయన మిఠాయి కొన్నాడు. తినలేకపోయాను.

20 ఏప్రిల్, ఆదివారం

వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. స్కూటీ మీద వాక్యాలు కూర్చుకుంటూ వెళ్లాను.

గుమ్మం దగ్గర సిమెంటుతో ర్యాంప్ కట్టించారు. కమల గారు ఎడమ చేత్తో ఒక్కో చిక్కుడుకాయా ఈనె తీస్తోంది. గాలి తగులుతుంటే మాట కొంచెం తిరుగుతాంది ఆంటీ అని పూజ చెప్పింది. నాకు అన్నం పెట్టింది. మామిడికాయ పప్పు. రెండోసారి వడ్డిస్తుంటే నా గొంతు దాకా వచ్చింది.

బయటికి వచ్చింది మాత్రం ఇది. పూజా, వానాకాలం అత్తమ్మను పైగదిలోకి మార్చుకో, కింద గోడలకు చెమ్మెక్కుతది, ఆమెకు మంచిది కాదు అన్నాను. చెమ్మ. నేను వాడిన మాట అది.

మెట్లు ఇరుకు ఆంటీ, ఇద్దరం ఎత్తినా కష్టమే, అయినా ఆ కిటికీ ఇడ్శిపెట్టి ఆమె రాదు అన్నది పూజ.

సరేలే అన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

18 జులై

వాన.

19 జులై

పూజకు మెసేజ్ టైప్ చేశాను. ఈ ఇంట్లోకి కిందటేడు నీళ్లు వచ్చాయి అని. పంపలేదు. చెరిపేశాను. మా ఆయన టీవీలో వాతావరణం వార్తలు రాగానే చానల్ మారుస్తున్నాడు.

30 సెప్టెంబర్

వానాకాలం అయిపోయిందంటున్నారు. ఏమీ కాలేదు. ఈ ఏటికి ఏమీ కాలేదు. నేను ఊరికే భయపడ్డానా? ఇవాళ ఆకలేసింది. చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నాను.

29 అక్టోబర్ 2025, బుధవారం

ఉదయం 10:40. తుఫాను. తెల్లవారుజామున మొదలై ఒక్క నిమిషం ఆగలేదు. ల్యాబ్‌కు పేషెంట్లు లేరు. పూజకు ఫోన్ చేశాను. స్కూల్లో ఉంది. సెలవు ఇయ్యలేదు ఆంటీ, పన్నెండింటికి ఇడుస్తరట, అత్తమ్మ ఒక్కతే ఉన్నది, తినిపిచ్చే వచ్చిన అన్నది. ఇప్పుడే వెళ్లిపో అన్నాను. ఎందుకాంటీ అన్నది. ఊరికే, వాన కదా అన్నాను.

అప్పుడు కూడా.

11:55. పూజ ఫోన్ ఎత్తడం లేదు. వినయ్ నంబర్ నా దగ్గర లేదు. కట్టమ్మకు చేశాను. చెరువు నిండి అలుగు దుంకుతాంది బిడ్డా, కల్వర్టు మునిగింది, ఇటు మనిషి అటు పోతలేడు అన్నది. కమల గారు ఇంట్లో ఒక్కతే ఉన్నది, నడవలేదు, గట్టయ్యను పంపమని అరిచాను. పోయిండు, నువ్వు చెప్పకముందే పోయిండు అన్నది.

1:20. కట్టమ్మ ఫోన్ చేసింది. గట్టయ్య కిటికీ ఊచలు వంచి లోపలికి దిగాడట. వీల్‌చైర్ తలుపుకు అడ్డంగా ఇరుక్కుని ఉందట. కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా ఎట్లొచ్చిందో ఏమో, ఒంటిచేత్తో అని కట్టమ్మ అంటోంది. ఇంకా ఏదో చెప్పింది. నేను వినలేదు.

అంటే ఆమె తలుపు దాకా వచ్చింది.

30 అక్టోబర్

పోవద్దు అన్నాడు మా ఆయన. పోతే నోరు జారుతవ్, ఇద్దరం జైలుకు పోతం అన్నాడు. ఆయనకు మాత్ర ఇచ్చి, నీళ్లు ఇచ్చి, వెళ్లాను.

కమల గారిని వినయ్ వాళ్ల చిన్నాన్న ఇంటి ముందు పడుకోబెట్టారు. జుట్టులో ఇంకా నాచు ఉంది. ఎవరూ తీయలేదు. పూజ నన్ను చూడగానే వచ్చి మీద పడిపోయింది. అందరూ వింటుండగా ఏడుస్తూ అన్నది: మీరు చెప్పిండ్రు ఆంటీ, పైకి మార్చుమని మీరు చెప్పిండ్రు, నేనే వినలే, నేనే సంపుకున్న.

ఒక ముసలామె, ఈమె ముందే చెప్పిందట, మంచిమనిషి అని పక్కామెకు నన్ను చూపించింది.

నేను పూజ వీపు నిమిరాను. అంతే. ఆ చేత్తోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

9 నవంబర్

దినాలకు వెళ్లలేదు. ల్యాబ్‌కు కూడా వెళ్లడం లేదు.

16 నవంబర్

పూజ నిద్రపోవడం లేదట. కట్టమ్మ చెప్పింది. సామాన్లు కడుగుతూ, ఒక్క మంచం పైకెక్కియ్యకపోతి, ఒక్క మంచం అని తనలో తానే అనుకుంటోందట. వినయ్ ఆమెతో మాట్లాడడం లేదట.

నా పాపం ఆ పిల్ల మోస్తోంది. నేను మోయించాను.

23 నవంబర్, ఆదివారం

చెప్పాను.

ఆ ఇంట్లోనే, ఆ వంటింట్లోనే. పూజ ఒక్కతే ఉంది. గోడ మీద లేత ఆకుపచ్చ అంతా ఊడి గీత మళ్లీ బయటపడింది. ఒకటి కాదు, రెండు గీతలు. నేను కింది గీత చూపించి, ఇది సారు ఉన్నప్పటిది, మేం ఉన్నప్పుడూ నీళ్లు ఇంతే ఎత్తు వచ్చాయి అన్నాను. సారు సంగతి, పెయింటర్ సంగతి, రాయి సంగతి, అన్నీ చెప్పాను. నువ్వు అడిగితే తెలిసే రావన్నాను, నీ తప్పు ఏమీ లేదు అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆమె స్టవ్ ఆపింది. చాలాసేపు గట్టు తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండా అన్నది: వినయ్‌కు చెప్పకుండ్రి. వచ్చే ఆదివారం ఇల్లు చూడనీకె పార్టీ వస్తాంది. పెయింట్ ఏపిస్తానం. మీరు ఇంక ఎవ్వలకు చెప్పకుండ్రి.

ఇంత చిన్న పిల్ల. ఆమె ముఖం ఎప్పుడు అలా అయింది?

వద్దు, నేను వెనక్కి తీసుకుంటాను అన్నాను. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేశాక చూస్తే, ఇంక వేరే మాట లేదనిపించింది.

25 నవంబర్

డబ్బు నా అకౌంట్‌లోనే ఫిక్స్‌డ్‌లో ఉంది. అందులోంచి షాపుకు తీసినంత పూడ్చడానికి నా గాజులు, గొలుసు అమ్మాలి. మా ఆయనకు చెప్పాను. నన్ను సంపుతానవ్ సుభా అన్నాడు. మునిగే ఇల్లు పైసలిచ్చి కొంటవా, పిచ్చా అన్నాడు. తర్వాత బతిమాలాడు. రేపు నాకేమన్న అయితే ఎట్ల అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భయం నిజం. ఇరవై నాలుగేళ్లు నా పక్కన పడుకున్న మనిషి.

18 డిసెంబర్

రిజిస్ట్రేషన్. పూజ వినయ్‌కు అంతా చెప్పేసింది. నేను అతనికి అడుగు దూరంలో కూర్చున్నాను. నన్ను చూడలేదు. పూజతో, ఆమెను నాతోని మాట్లాడొద్దని చెప్పు అన్నాడు. కేసు పెడతాడేమో తెలియదు. పెట్టాలి.

పూజ తాళాలు నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టింది. నేను తీసుకున్నాను.

మా ఆయన రాలేదు.

24 డిసెంబర్

బట్టలు, స్టవ్, రెండు గిన్నెలతో ఇక్కడికి వచ్చాను. పైగదిలో ఉంటున్నాను. ల్యాబ్‌కు ఇక్కడి నుంచే పోతున్నాను. ఆయన మాత్రలు వారానికి సరిపడా సర్ది, సందులో ఇచ్చి వస్తున్నాను. తీసుకుంటాడు. రమ్మనడు. నేనూ రమ్మనలేదు.

గట్టయ్య ఒంగిన కిటికీ ఊచలు సరిచేస్తానన్నాడు. వద్దన్నాను.

6 జనవరి 2026

శిఖంలో కట్టిన ఇళ్లు కొలవడానికి సర్కారు మనుషులు వచ్చారు. గేటు గోడ మీద ఎర్ర రంగుతో నంబర్ వేశారు. మీకు టైం ఇస్తరు మేడమ్, కోర్టుకు గూడ పోవచ్చు అన్నాడు అందులో ఒకతను, జాలిగా. పోను అన్నాను. ఎప్పుడు కూలగొడతారని అడిగాను. తెల్వదు అన్నాడు. వానాకాలం లోపల కొడితే మంచిది అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

11 జనవరి, ఆదివారం

పొద్దున గేటు ముందు కారు ఆగింది. నడివయసు మనిషి, పక్కన భార్య. ఇల్లు అమ్ముతారా అని అడిగాడు. అమ్మను అన్నాను. అద్దెకు? ఇవ్వను. ఎందుకండి అన్నాడు. ఇది చెరువు అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అవునండి, భలే వ్యూ ఉంది అన్నాడు. ఆయన భార్య కారు దిగి ఫొటో తీసుకుంటోంది.

నేను గేటు తీసి, లోపలికి రండి, గోడ చూపిస్తాను అన్నాను.